మోకు బిగిసిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు దివిసీమ మొత్తానికి జీపు నడిపే ఆడమనిషి మా మేనత్త ఒక్కతేనని మా నాన్న గొప్పగా చెప్పుకునేవాడు. అది నిజమో, చెల్లెలి మీద ప్రేమ కొద్దీ అన్న మాటో నాకు తెలియదు. నేను మాత్రం ఇంకొకరిని చూడలేదు. మేం గుడివాడలో ఉండేవాళ్ళం. అత్తయ్య వాళ్ళ ఊరు కోడూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉండేది. వేసవి సెలవులు ఇవ్వగానే నాన్న నన్ను పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాకా బస్సులో తీసుకెళ్ళేవాడు. అక్కడ బస్టాండు బయట, రంగు వెలిసిన పాత జీపులో, స్టీరింగు మీద చేతులు ఆనించుకుని అత్తయ్య మా కోసం కూర్చుని ఉండేది. చుట్టూ నలుగురూ నిలబడి వింతగా చూస్తున్నా పట్టించుకునేది కాదు. నేను ఎక్కగానే, "గట్టిగా పట్టుకున్నావా?" అని అడిగి, పట్టుకున్నానో లేదో తనే ఒకసారి తిరిగి చూసుకుని, అప్పుడు గేరు వేసేది.

నిజానికి ఆ జీపును కొన్నది మావయ్య. మిలటరీ వాళ్ళు వేలం వేస్తే తెచ్చుకున్నాడు. వాళ్ళ పొలాలు సముద్రానికి దగ్గర. వాన పడితే దారిలోని నల్లమట్టి చక్రాలకు చుట్టుకుని మామూలు బండ్లను కదలనిచ్చేది కాదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అయితే ఏ కాలంలోనైనా పొలానికి వెళ్ళి రావచ్చని ఆయన ఆశ. కానీ ఏడాది తిరగకుండానే ఆయనకు నడుము నొప్పి పట్టుకుంది. కుదుపులు పడకూడదని డాక్టరు గారు జీపు ఎక్కడమే మానిపించారు. అమ్మేద్దామని మావయ్య అంటే, "అమ్మితే ఇలాంటిది మళ్ళీ దొరకదు. నాకు నేర్పండి" అందట అత్తయ్య. కోతలైపోయిన చేలో, గట్టు మీద కుర్చీ వేసుకుని ఆయన కేకలు వేసి చెబుతుంటే ఆవిడ నేర్చుకుంది. ఆ కేకలు ఊళ్ళో సగం మందికి వినబడేవని, డ్రైవింగు ఊరంతా నేర్చుకుందని మావయ్య నవ్వుతూ చెప్పేవాడు.

జీపుకు పెద్ద పనులేమైనా ఉంటే అత్తయ్య గుడివాడ తెచ్చేది. మా ఇంటి దగ్గరలోని షెడ్డుకు ఆవిడ వెంట నేనూ వెళ్ళేదాన్ని. ఆ షెడ్డు మేస్త్రీకి జీపును ముస్తాబు చేయాలని ఉబలాటం. ముందు మెరిసే బంపరు, పైన నాలుగు లైట్లు, వెడల్పాటి పెద్ద టైర్లు వేద్దామనేవాడు. అత్తయ్య అన్నీ నవ్వుతూ వినేది. "పెద్ద టైర్లు వేస్తే స్టీరింగు బరువెక్కుతుంది, తిప్పినప్పుడు రేకుకి రాసుకుంటుంది కదండీ. నేను తిరిగే దారులు చూసి చెప్పండి" అనేది. చివరికి ఆవిడ చేయించుకున్న మార్పులు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండేవి కావు. బరువు వేసినప్పుడు కూలబడకుండా వెనక కమాను కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించింది. పొగగొట్టం చివరను నీళ్ళు తగలనంత పైకి తిప్పించింది. పక్కన ఉండే స్టెప్నీ చక్రాన్ని వెనక భాగాన నిలువుగా బిగింపించింది. అన్నిటికంటే పట్టుబట్టి చేయించింది మాత్రం వెనక కొక్కెం. దిగబడిన బండ్లను లాగడానికి అది. మేస్త్రీ దాన్ని బంపరుకు వెల్డింగు పెడతానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. బంపరైతే ఊడి చేతికొస్తుందని, బండి బరువంతా మోసే అడుగు చట్రానికే బోల్టులు వేసి బిగించమని, ఆ పని అయ్యేదాకా అక్కడే స్టూలు మీద కూర్చుంది.

సెలవుల్లో ఆ జీపు పనులు నాకూ కొన్ని వచ్చేవి. సముద్రం వైపు వెళ్ళి వస్తే, ఎంత అలసిపోయినా సరే, కాలువ దగ్గర ఆపి మంచినీళ్ళతో బండి అడుగంతా కడగాల్సిందే. పైన దుమ్ము పేరుకున్నా ఆవిడకు పట్టింపు లేదు. అడుగున ఉప్పు మిగిలితే మాత్రం ఊరుకునేది కాదు. అది కంటికి కనబడకుండా ఇనుమును తినేస్తుందనేది. కడిగాక, తడిసిన బ్రేకులు ఆరేదాకా పెడలు మెల్లగా నొక్కుతూ కొంత దూరం నడిపేది. గ్రీజు పెట్టడం, నూనె చూడటం, టైర్లలో ఇరుక్కున్న గవ్వలు తీయడం, ఇలా ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. అబద్ధాల విషయంలోనూ ఆవిడ అంతే. పగిలిన గాజు గ్లాసు గురించి నేను ఒకసారి పిల్లి మీద చెబితే, కోప్పడకుండా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నిజం చెప్పేదాకా ఏ పనికీ లేవలేదు. అత్తయ్య అబద్ధం చెప్పదు, చెబితే ఊరుకోదు అన్నది నా మనసులో సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత స్థిరంగా ఉండేది.

నాకు పదేళ్ళున్నప్పటి వేసవి అది. ఇంటి ముందు పందిరికి సరుగుడు కర్రలు కావలసి, భోజనాలయ్యాక అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డున ఉన్న సరుగుడు తోటకు బయలుదేరింది. తోటకు కాస్త అవతల చిన్న జాలరి పాలెం ఉంది. కొట్టి ఉంచిన కర్రలు జీపులోకి ఎక్కించడం పూర్తవుతుండగా, ఆ పాలెం పెద్ద రొప్పుకుంటూ వచ్చాడు. ఆయన్ని అందరూ పెద్దయ్య అని పిలిచేవాళ్ళు.

"అమ్మగారూ, మీ జీపు ఒకసారి రావాలండి. చేపల వ్యాను ఇసకలో దిగబడిపోయింది. పోటు మొదలైంది" అన్నాడు.

పోటు మొదలైందంటే సముద్రం ఒడ్డు మీదికి ఎక్కి వస్తోందని. అత్తయ్య ఇంకేమీ అడగలేదు. ఆయన్ని కూడా ఎక్కించుకుని జీపు కదిలించింది.

మేం వెళ్ళేసరికి వ్యాను అలలకు బాగా దగ్గరగా, ముక్కు సముద్రం వైపు పెట్టి, వెనక చక్రాలు ఇరుసు దాకా పాతుకుపోయి ఉంది. బందరు నుంచి వచ్చిన బండి అది. డ్రైవరు ఇరవై ఏళ్ళ కుర్రవాడు, ఆ ఒడ్డుకు రావడం అదే మొదలు. రోజూ జాలర్లు చేపల బుట్టలను రోడ్డు దాకా మోసుకొచ్చి బండికి ఎక్కించేవాళ్ళట. తడి ఇసుక గట్టిగా కనబడేసరికి, వాళ్ళకు మోత తప్పిద్దామని ఇతను బండిని పడవ దాకా తీసుకెళ్ళాడు. ఖాళీ బండిని మోసిన ఇసుక బుట్టలన్నీ ఎక్కాక మోయలేకపోయింది. కంగారులో ఇంజనును గట్టిగా తొక్కేసరికి చక్రాలు తమ గొయ్యి తామే తవ్వుకున్నాయి. "బండి పోతే మా ఓనరుకి నా మొహం ఎట్టా చూపించనమ్మా" అని ఆ కుర్రవాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ముందు ఇంజను ఆపు బాబూ. నువ్వు తొక్కిన కొద్దీ ఇంకా దిగుద్ది" అంది అత్తయ్య మెల్లగా. తర్వాత బుట్టలన్నీ దింపించింది. పాలెం మొత్తం అక్కడే ఉంది కాబట్టి అది చకచకా అయిపోయింది. ఆ లోపల ఆవిడ తన జీపు టైర్లలో గాలి కొంత వదిలింది. గాలి తగ్గితే టైరు అడుగు వెడల్పై పొడి ఇసుకలో కూరుకుపోదని నాకు అంతకు ముందే చెప్పింది. తీగలు అల్లుకుని నేల కాస్త బిగువుగా ఉన్న చోటు చూసుకుని, వెనక కొక్కెం వ్యాను వైపు ఉండేట్టు జీపు నిలిపింది. అక్కడి నుంచి వ్యాను దాకా ఆవిడ మోకు చాలలేదు. జాలర్లు తమ కొత్త నైలాన్ తాడు తెచ్చి దానికి కలిపారు.

చిక్కల్లా వ్యాను దగ్గర వచ్చింది. దాని వెనక ఒక ఇనప రింగు ఉంది కానీ, ఉప్పుగాలికి దాని మొదలంతా తుప్పు పట్టి పెచ్చులు లేస్తోంది. అత్తయ్య వంగి దాన్ని వేలితో గీరి చూసింది. "ఇది కాదు బాబూ, లోపల చట్రానికి కట్టాలి" అంది. అలా కట్టాలంటే వ్యాను కింద ఇసుక తవ్వాలి. ఇద్దరు ముగ్గురు చేతులతో తవ్వబోతే, అల వచ్చి తవ్వినదంతా పూడ్చి పోయింది. "టైము లేదమ్మగారూ, దీనికే కట్టి లాగెయ్యండి, వచ్చేస్తది" అన్నారు అందరూ. ఆవిడ కాసేపు సముద్రం వంక చూసింది. ఒకసారి మెల్లగా ప్రయత్నిస్తానని ఒప్పుకుంది. జీపులోంచి రెండు గోనె సంచులు తీసి, సముద్రపు నీళ్ళలో ముంచి, తడిబరువుతో తాడు మధ్యలో వేలాడేసింది. తాడుకు దుప్పటి కప్పుతున్నారేంటండీ అని ఒక కుర్రాడు నవ్వాడు. ఆవిడా నవ్వింది.

జీపు ఎక్కబోతూ వెనక్కి తిరిగి చూసేసరికి, పాలెం వాళ్ళు ఆడా మగా తాడుకు రెండు పక్కలా బారులు తీరి నిలబడి ఉన్నారు. అందరి చేతులూ తాడు మీదే. పడవను ఒడ్డుకు లాగేటప్పుడు రోజూ అలాగే నిలబడతారు వాళ్ళు. సాయం చేయాలన్న తొందరే తప్ప ఇంకేమీ లేదు ఆ ముఖాల్లో.

"తాడు వదిలెయ్యండి. దూరంగా జరగండి. జీపే లాగుద్ది" అంది అత్తయ్య.

"మా చేతులు కూడా పడితే ఇంకా సులువు కదమ్మా" అన్నాడు పెద్దయ్య.

"తెగితే ప్రమాదం అండీ."

"కొత్త తాడమ్మా, తెగదు. తాళ్ళతో పుట్టి తాళ్ళతో పెరిగినోళ్ళం, మాకు తెలవదా?"

ఆవిడ బతిమాలింది. గొంతు పెంచింది. నాలుగడుగులు వెనక్కి వేసేవాళ్ళు, ఆవిడ అటు తిరగగానే మళ్ళీ దగ్గరకు వచ్చేసేవాళ్ళు. ఇందాక నవ్విన కుర్రాడు ఇసుకలో గుచ్చిన తెడ్డుకు ఆనుకుని నిలబడ్డాడు, తాడుకు చెయ్యి దూరంలో. అలలు వ్యాను ముందు చక్రాలను తాకి వెనక్కి పోతున్నాయి. డ్రైవరు లోపల స్టీరింగు పట్టుకుని, ఎప్పుడెప్పుడా అని అద్దంలోంచి చూస్తున్నాడు.

అప్పుడు అత్తయ్య జీపుకు అవతలి పక్కకు వచ్చింది. అక్కడ నేను ఒక్కదాన్నే ఉన్నాను. నా కళ్ళ ముందే, కుడి చెవి దుద్దు మర విప్పి తీసి, కొంగు చివర కట్టి, ముడి బిగించి నడుములో దోపుకుంది. నా వంక చూసి పెదవి మీద వేలు పెట్టింది. మరుక్షణం ఇవతలికి వచ్చి, చెవి తడుముకుని, "అయ్యో, నా దుద్దు!" అంది.

అందరూ ఇటు తిరిగారు. "ఇందాక కర్రలు ఎక్కించేటప్పుడు కూడా ఉంది. సరుగుడు తోట దగ్గరే పడుంటుంది. మా అమ్మ పెట్టిన దుద్దులు. ఎవరైనా తొక్కేస్తే ఇసకలో కలిసిపోద్ది. కాస్త చూసి పెట్టండమ్మా, మీ పుణ్యముంటుంది" అంది. ఆ గొంతులో నిజంగానే వణుకు ఉంది.

బంగారం పోయిందంటే మనుషులు ఎలా కదులుతారో ఆ రోజు చూశాను. తాడు వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని, పాలెం పాలెమంతా తోట వైపు పరిగెత్తింది. తెడ్డుకు ఆనుకున్న కుర్రాడు అందరికంటే ముందున్నాడు. పెద్దయ్య కూడా వెళ్ళాడు. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వూ వెళ్ళు. వాళ్ళతోనే ఉండు, ఇటు రాకు" అంది.

నేను వెళ్ళాను. నా కాళ్ళు నడిచాయే కానీ మనసు నడవలేదు. తోటలో ఎండిన సరుగుడు ఆకులు మందంగా పరుచుకుని ఉన్నాయి. ఒక నడివయసు ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, ఆకులను గుప్పిళ్ళతో ఎత్తి చెరుగుతూ, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొడతానని పైకే మొక్కుకుంటోంది. నన్ను చూసి, "ఏడవకమ్మా, మీ అత్తయ్య దుద్దు యాడికీ పోదు" అని ఓదార్చింది. నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. దుద్దు కోసం కాదు. అబద్ధం చెప్పని మనిషి అంత తేలిగ్గా, కళ్ళార్పకుండా, ఇంతమంది మంచివాళ్ళ ముందు అబద్ధం చెప్పడం నాకు లోపల ఏదో తెగినట్టు అనిపించింది.

ఇంజను చప్పుడు మారింది. అత్తయ్య అతి తక్కువ గేరులో జీపును అంగుళం అంగుళంగా కదిలిస్తోంది. ఎప్పుడూ అంతే, ఒక్కసారిగా గుంజడం ఆవిడకు ఇష్టం ఉండేది కాదు. తాడు ఇసుక మీద నుంచి లేచి, నీళ్ళు రాల్చుకుంటూ, గీత గీసినట్టు బిగిసింది. వ్యాను కొద్దిగా ఊగింది. అంతలోనే టపీమని పెద్ద చప్పుడైంది.

తుప్పు పట్టిన రింగు మొదలుతో సహా ఊడిపోయింది. సాగి ఉన్న తాడు ఆ ఇనప ముక్కను పట్టుకుని వెనక్కి విసురుగా వచ్చింది. తడి గోనెలు దాని వేగాన్ని కొంత తగ్గించి, పైకి లేవకుండా కిందికి ఒత్తాయి. అయినా అది ఇసుకను కోసుకుంటూ పక్కకు తిరిగి, నిలబెట్టిన తెడ్డును రెండు ముక్కలు చేసి, జీపు వెనక ఉన్న స్టెప్నీకి తగిలి ఆగింది.

తోటలో ఉన్నవాళ్ళందరూ తల ఎత్తి చూశారు. అత్తయ్య ఇంజను ఆపి, వ్యానులో ఉన్న కుర్రవాడికి ఏమీ కాలేదని చూసుకుని, మా వైపు నడిచి వచ్చింది. మేమూ ఎదురెళ్ళాం. పెద్దయ్య వంగి తెడ్డు ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. అత్తయ్య అందరి మధ్యా నిలబడి కొంగు ముడి విప్పి, దుద్దును అరచేతిలో పెట్టి చూపించింది.

"నా దుద్దు పోలేదండీ. నేనే తీసి దాచుకున్నాను. ఎంత చెప్పినా మీరు తాడు వదలట్లేదని అబద్ధం చెప్పాను. మీరంతా నమ్మి వెతికారు. తప్పు నాదే, మనసులో పెట్టుకోకండి" అని చేతులు జోడించింది.

మొక్కుకున్న ఆవిడకు కోపం వచ్చింది. "బంగారం పోయిందంటే నా గుండెలు అదిరిపోయాయి. మీరు అట్టా ఆడిస్తారా మమ్మల్ని?" అంది. ఇందాక నవ్విన కుర్రాడు కూడా, "గట్టిగా చెప్తే వినమా ఏంటి?" అన్నాడు.

"చెప్తానే ఉంది కదరా. మనం విన్నామా?" అన్నాడు పెద్దయ్య, తెడ్డు ముక్క వంకే చూస్తూ. ఆ కుర్రాడు తను నిలబడిన చోటు వైపు ఒకసారి చూశాడు.

అత్తయ్య ఆ ఆవిడ దగ్గరకు వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "నీ కోపం న్యాయమే. గంగమ్మకి కొబ్బరికాయ నేను కొడతానమ్మా, నీ మొక్కు ఊరికే పోనివ్వను" అంది. తర్వాత అందరికీ వివరంగా చెప్పింది. "మీ పాత పీచు మోకు తెగితే ఉన్నచోటే పడుద్ది. నైలాన్ అట్టా కాదండీ, సాగుద్ది. సాగిందంతా ఒక్కసారే వెనక్కి వచ్చుద్ది. దాని చివర ఇనుముంటే ఇంక చెప్పేదేముంది?"

ఈసారి ఎవరూ వాదించలేదు. మగవాళ్ళు వ్యాను ముందు వరసగా కూర్చుని అలలకు అడ్డుగా ఇసుకకట్ట వేస్తుంటే, మిగతావాళ్ళు గిన్నెలతో, చేతులతో చక్రాల చుట్టూ తవ్వారు. మేం పందిరి కోసం తెచ్చిన సరుగుడు కర్రలను విరిచి వెనక చక్రాల కింద పరిచారు. డ్రైవరు కుర్రవాడు నీళ్ళలో వెల్లకిలా పడుకుని, లోపలి చట్రానికి తాడు చుట్టి కట్టాడు. అత్తయ్య వంగి ఆ ముడిని తన చేత్తో లాగి చూసుకుంది. గోనె సంచులను మళ్ళీ తడిపి తాడు మీద వేసే పని ఇందాక నవ్విన కుర్రాడే చేశాడు. చెప్పకుండానే అందరూ తోట దాకా వెళ్ళి నిలబడ్డారు. చిన్నపిల్లలు ముందుకు రాకుండా మొక్కుకున్న ఆవిడే చేతులు చాచి ఆపింది.

జీపు మెల్లగా కదిలింది. తాడు బిగిసింది. కర్రలు పటపటమన్నాయి. వ్యాను ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుంది. గోతిలోంచి వెనక చక్రాలు పైకెక్కాయి. అత్తయ్య అక్కడ ఆపలేదు, వేగమూ పెంచలేదు. అదే నడకతో దాన్ని గట్టినేల దాకా తీసుకొచ్చి, తాడు వదులయ్యాక గానీ బ్రేకు వేయలేదు. అప్పుడు చూడాలి ఆ కేకలు! డ్రైవరు కుర్రవాడు దిగి వచ్చి, ఏమనాలో తెలియక, జీపు బానెట్టుకు దణ్ణం పెట్టాడు. అందరూ నవ్వారు. చేతిపంపుతో జీపు టైర్లకు మళ్ళీ గాలి కొట్టడానికి పాలెం కుర్రాళ్ళు వంతులేసుకున్నారు. గాలి నింపకుండా రోడ్డెక్కితే టైర్లు పాడవుతాయని అత్తయ్య చివరి టైరు దాకా అక్కడే నిలబడింది. పెద్దయ్య రెండు పండుగప్ప చేపలు తాటాకు బుట్టలో పెట్టి జీపులో ఉంచాడు.

వస్తూ దారిలో గంగమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టింది అత్తయ్య. తర్వాత కాలువ దగ్గర జీపు ఆపి, ఎప్పటిలాగే అడుగు కడగడం మొదలుపెట్టాం. నేను ఆవిడ వంక చూడకుండా బొక్కెనతో నీళ్ళు అందిస్తున్నాను. చాలాసేపటికి ఆవిడే అడిగింది.

"ఏమే, నా మీద కోపమా?"

"నువ్వు అబద్ధం చెప్పావు" అన్నాను.

"చెప్పాను."

"నన్ను చెప్పొద్దంటావుగా."

ఆవిడ బండి కింద నుంచి లేచి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. తప్పించుకునే జవాబు చెబుతుందేమోనని నేను చూస్తూ ఉన్నాను. చిన్నపిల్లవి, నీకు తెలియదులే అంటుందేమో అనుకున్నాను. అలా అనలేదు.

"వాళ్ళని నమ్మించేదాకా వాదిస్తూ కూర్చునే టైము ఉంటే వాదించేదాన్నేనమ్మా. అక్కడ నేను గెలవడం ముఖ్యమా, వాళ్ళు జరగడం ముఖ్యమా? జరిగితే చాలనిపించింది" అంది. "అయినా రింగు ఊడకుండా వ్యాను మొదటిసారే వచ్చేసినా సరే, వాళ్ళకి నిజం చెప్పేదాన్ని. దుద్దు తీస్తున్నప్పుడే అనుకున్నాను, ఇది చూపించి చెప్పాలి అని. తిట్టినా పడాలి అని. అబద్ధం చెప్పేటప్పుడు ఒకటి చూసుకో. అదే మనిషి ముఖం చూస్తూ, ఆ రోజే, ఇది అబద్ధమని చెప్పగలవా? చెప్పలేననిపిస్తే ఆ అబద్ధం జోలికి పోకు. అది వాళ్ళ కోసం కాదు, నీ కోసం చెప్పుకుంటున్నది" అంది.

అంతా నాకు అర్థమైందని చెప్పలేను. ఆవిడ నన్ను పెద్దదానిలా చూసి మాట్లాడిందని మాత్రం అర్థమైంది. గ్లాసు పగిలిన రోజు నేను పిల్లి మీద చెప్పింది ఎవరి కోసమో కూడా ఆ కాలువ గట్టున తెలిసింది. మిగిలిన బండి అడుగు నేనే దూరి కడిగాను.

తర్వాత చాలా ఏళ్ళకు మావయ్య పోయాక అత్తయ్య ఆ జీపును నడపడం మానేసింది. ఇప్పుడు ఆవిడా లేదు. నేను గుడివాడలోనే ఉంటున్నాను, నాకూ మనవలు వచ్చారు. ఈ మధ్య కార్లకు పెద్ద చక్రాలు, పైన లైట్లు బిగించుకుని సముద్రపు ఇసుకలో తిప్పే కుర్రవాళ్ళను చూసినప్పుడల్లా, లాగే తాడు మీద వెయ్యడానికి ఒక గోనె సంచి కూడా పెట్టుకున్నారో లేదో అడగాలనిపిస్తుంది. మా మనవడిని అడిగేశాను కూడా.

నిరుటి వానాకాలంలో ఒకరోజు మా ఆయన బందరులో ఎవరింటికో శుభకార్యానికి కారులో వెళ్దామన్నారు. ఆయన కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఎదురుగా వచ్చే మనిషిని పోల్చుకోవడానికే తడుముకుంటున్నారు. వాన వల్ల పగలే చీకటిగా ఉంది. ఆ రోడ్డు తనకు కళ్ళు మూసుకున్నా తెలుసునంటారు. డ్రైవరును పిలుద్దామంటే పౌరుషం. పొద్దున్నుంచీ చెప్పి చూశాను. తాళాలు చేతిలోకి తీసుకుని గుమ్మం దిగుతుంటే, కడుపు పట్టుకుని కూలబడ్డాను. భరించలేని నొప్పి అన్నాను. పాపం, తాళాలు అక్కడే పడేసి, వేడినీళ్ళు కాచి తెచ్చారు, వాము నలిపి ఇచ్చారు, సాయంత్రం దాకా పక్కన కూర్చుని కదల్లేదు.

ఆ సాయంత్రం నాకు చాలా కష్టమైంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆయన సేవ చేశానన్న తృప్తితో ఉంటారు, నేను హాయిగా ఉంటాను. కానీ మళ్ళీ వారం ఇంకో ప్రయాణం వస్తే ఇంకో నొప్పి తెచ్చుకోవాలి. కాఫీ కలిపి తెచ్చి ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "నాకు నొప్పి లేదండీ. మీ కళ్ళకి భయపడి అబద్ధం చెప్పాను" అన్నాను. ఆయన కాఫీ తాగకుండా లేచి వెళ్ళిపోయారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున, పేపరు ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదువుతూ, "కళ్ళ డాక్టరు ఏ రోజుల్లో చూస్తాడో కనుక్కో" అన్నారు.

ఆయన ఆ తర్వాత కూడా మాట్లాడకపోయినా, నిజం చెప్పినందుకు నేను బాధపడేదాన్ని కాదు. ఎవరి మేలు కోసమైనా ఒక అబద్ధం చెప్పాల్సి వస్తే, ఇప్పటికీ ముందుగా నిజం చెప్పాల్సిన ఆ సాయంత్రాన్ని ఊహించుకుంటాను. ఆ మనిషి ఎదురుగా కూర్చుని నిజం చెప్పడానికి నా నోరు వస్తుందా అని నన్ను నేను అడుగుతాను. వస్తుందనుకుంటేనే ముందుకు వెళ్తాను. రాదనిపించిన రోజున, ఎంత మంచి కారణం దొరికినా, నోరు మూసుకుని ఊరుకుంటాను.